రాత్రి తొమ్మిదింటి నెట్: చిన్న ఆపరేటర్లకు బ్యాండ్‌విడ్త్ పంపకం

"అన్నా, నెట్ ఉండాది గానీ చక్రం తిరగతానే ఉండాది." రాత్రి ఎనిమిదిన్నర దాటాక కావలి, సింగరాయకొండ లాంటి ఊళ్లలో ఆపరేటర్లకు వచ్చే ఫోన్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. లైను తెగలేదు. ఓఎన్‌యూ (ఇంట్లో ఫైబర్ తగిలించే పెట్టె) మీద ఎర్రలైటు లేదు. స్పీడ్ టెస్ట్ పెడితే 50 ఎంబీపీఎస్ ప్లాన్‌కు 35, 40 చూపిస్తోంది. అయినా బెంగళూరు కంపెనీకి ఇంట్లోంచి పనిచేసే అమ్మాయికి మీటింగ్‌లో మాట ముక్కలుగా వినిపిస్తుంది, పక్కింటి పిల్లాడికి గేమ్‌లో పింగ్ (డేటా వెళ్లి తిరిగొచ్చే సమయం) 200 మిల్లీసెకన్లు దాటుతుంది.

ఇలాంటప్పుడు చాలామంది ఆ కస్టమర్ ప్లాన్‌ను 50 నుంచి 100కి పెంచేస్తారు. దాంతో రద్దీ ఇంకా పెరుగుతుంది. కొందరు ఎక్కువ వాడే నలుగురిని వెతికి స్పీడు కోసేస్తారు. ఆ నలుగురూ పోట్లాటకు వస్తారు, మిగతావాళ్ల బాధ మాత్రం తీరదు. ఇక్కడ అసలు కొరత స్పీడుది కాదు. ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, ఎక్కడో ఒక క్యూలో నిలబడిపోతున్నాయి, ఆ క్యూ మీ చేతిలో లేదు. దాన్ని మీ రూటర్‌లోకి తెచ్చుకుని, అందులో అందరికీ వంతులు వేయడమే ఈ పని మొత్తం.

పెన్నా కాలువల కింద సేద్యం చేసేవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. పైన ఉన్నవాళ్లు తూము పూర్తిగా ఎత్తుకుంటే చివరి భూములకు నీళ్లు అందవు, అందుకే వంతులు పెట్టుకుంటారు. నెట్‌లో ఆ వంతు మిల్లీసెకన్లలో మారుతుంది, అంతే తేడా.

ఇక్కడి ఉదాహరణలన్నీ 400 కనెక్షన్లు, 1 జీబీపీఎస్ అప్‌స్ట్రీమ్ (పెద్ద కంపెనీ దగ్గర కొన్న లైను), పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే) లాగిన్, మైక్రోటిక్ కంపెనీ రూటర్ ఉన్న ఆపరేటర్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మీ అంకెలు వేరైనా లెక్క కట్టే తీరు ఇదే.

ముందు కొలత

రూటర్‌లో ఏదీ ముట్టుకోకముందు ఒక రాత్రి 9 గంటలకు ఫిర్యాదు చేసిన ఇంటికి ల్యాప్‌టాప్‌తో వెళ్లండి. వైఫై ఆపేసి, ఓఎన్‌యూకి ల్యాన్ కేబుల్ పెట్టండి. మూడు కిటికీల్లో మూడు పింగ్‌లు వదలండి: ఒకటి మీ పీపీపీఓఈ గేట్‌వేకి, అంటే మీ రూటర్‌కి, రెండోది అప్‌స్ట్రీమ్ కంపెనీ మొదటి ఐపీకి, మూడోది గూగుల్ వాళ్ల 8.8.8.8కి. రెండు నిమిషాలు ఇంకేమీ చేయకుండా చూడండి. ఆ తర్వాతే స్పీడ్ టెస్ట్ పెట్టి, అది నడుస్తుండగా మళ్లీ చూడండి.

మీ గేట్‌వేకి పింగ్ 1 నుంచి 3 మిల్లీసెకన్లు ఉండాలి. నెల్లూరు నుంచి చెన్నైకి దాదాపు 175 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు మిల్లీసెకనుకు 200 కిలోమీటర్లు పోతుంది కాబట్టి రాను పోను 2 మిల్లీసెకన్లు కూడా పట్టదు. లైను చుట్టూ తిరిగి పోవడానికీ, మధ్యలోని పరికరాలకూ ఇంకో ఐదారు కలపండి. చెన్నైలోని అప్‌స్ట్రీమ్‌కు 60, 80 కనిపిస్తోందంటే అది దూరం వల్ల వచ్చింది కాదు, ఎక్కడో క్యూలో ఆగినందువల్ల వచ్చింది.

టెస్ట్ పెట్టకుండానే మీ గేట్‌వే పింగ్ ఎక్కువుంటే తప్పు ఓఎల్‌టీ (మీ దగ్గర ఫైబర్లన్నీ కలిసే పెట్టె), దాని పాన్ పోర్టు (ఒక్కో ఫైబర్ తగిలే చోటు), లేదా ఓఎల్‌టీకీ రూటర్‌కూ మధ్య స్విచ్ దగ్గర ఉంది. గేట్‌వే బాగుండి అప్‌స్ట్రీమ్ పింగ్ మాత్రమే పెరిగితే మీరు కొన్న పైపు నిండిపోయింది. టెస్ట్ నడుస్తున్నప్పుడు మాత్రమే గేట్‌వే పింగ్ 3 నుంచి 150కి ఎగిరితే అది ఆ కస్టమర్ సొంత క్యూ, అంటే మీరు ప్లాన్ కోసం పెట్టిన లిమిట్. ఈ మూడింటికీ మందు వేరువేరు. ఏది ఏదో తెలుసుకోకుండా మందు వేస్తే నెలలు గడిచినా ఫలితం ఉండదు.

రెండో కొలత గ్రాఫ్. లిబ్రెఎన్ఎంఎస్, క్యాక్టై, ద డ్యూడ్, ఏదైనా సరే, అప్‌స్ట్రీమ్ పోర్టును 5 నిమిషాలకోసారి రికార్డు చేయండి. 30 రోజులకు 8640 రీడింగులు వస్తాయి. అప్‌స్ట్రీమ్ బిల్లింగులో వాడే 95వ పర్సంటైల్ లెక్కలో పై 5 శాతం, అంటే 432 రీడింగులు (36 గంటలు), వదిలేస్తారు. మీ సాయంత్రపు రద్దీ రోజుకు 3 గంటల చొప్పున నెలకు 90 గంటలు. కాబట్టి ఆ లెక్క మీ రద్దీని దాచదు. కానీ 5 నిమిషాల సగటు మాత్రం చిన్న పోట్లను దాచేస్తుంది. గ్రాఫ్‌లో 850 దగ్గర గీత ప్రశాంతంగా కనిపించినా లోపల సెకనుకోసారి 1000 తగిలి ప్యాకెట్లు పడిపోతూ ఉండవచ్చు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006 నాటి బ్రాడ్‌బ్యాండ్ నాణ్యత నిబంధనల్లో రద్దీ వేళల్లో అప్‌స్ట్రీమ్ వాడకం 80 శాతం లోపు ఉండాలని పెట్టింది. గీత వారంలో మూడు రాత్రులు 80 శాతం దాటితే అప్‌గ్రేడ్ సంగతి మొదలుపెట్టాలి.

రద్దీ వేళ మొత్తం వాడకాన్ని ఆ సమయంలోని కనెక్షన్ల సంఖ్యతో భాగించండి. గ్రాఫ్ లేని కొత్త ఆపరేటర్ కనెక్షన్‌కు 2 ఎంబీపీఎస్ అనుకుని మొదలుపెట్టవచ్చు. 400 మందికి 800 అవుతుంది, 1 జీబీపీఎస్‌లో 80 శాతం. సొంత గ్రాఫ్ వచ్చిన రోజు ఈ అంకెను పక్కన పడేయండి.

క్యూ మీ రూటర్‌లోనే పుట్టాలి

అప్‌స్ట్రీమ్ కంపెనీ మీకు 1 జీబీపీఎస్ అని ఇచ్చినప్పుడు, దాన్ని దాటిన ప్యాకెట్‌ను వాళ్ల పరికరం ఎవరిదో చూడకుండా పడేస్తుంది. అప్పుడు వీడియో కాల్ ప్యాకెట్ పోవచ్చు, విండోస్ అప్‌డేట్ ప్యాకెట్ పోవచ్చు. మీకు పంపకం చేసే అవకాశమే ఉండదు. కాబట్టి మీ రూటర్‌లో మొత్తం లిమిట్‌ను కొన్నదానికంటే కొంచెం తగ్గించి, 940 దగ్గర పెట్టండి. ఆ 60 వదులుకోవడానికి చాలామందికి మనసొప్పదు. డబ్బు కట్టిన బ్యాండ్‌విడ్త్ కదా అంటారు. కానీ ఒక జీబీ పోర్టులో ఈథర్‌నెట్ హెడర్లు, ప్యాకెట్ల మధ్య ఖాళీ పోగా ఎలాగూ 1000 రాదు. ఆ కాస్త వదులుకున్నందుకు క్యూ మీ చేతిలోకి వస్తుంది.

మైక్రోటిక్ సెట్టింగులు మార్చే విన్‌బాక్స్ ప్రోగ్రామ్‌లో క్యూస్ తెరిచి, ఒక సింపుల్ క్యూ చేయండి. పేరు మొత్తం అని పెట్టుకోవచ్చు. టార్గెట్‌లో మీ కస్టమర్ల ఐపీ రేంజ్ ఇవ్వండి, మ్యాక్స్ లిమిట్ రెండు వైపులా 940ఎం. తర్వాత పీపీపీ ప్రొఫైల్స్‌లో ప్రతి ప్లాన్ ప్రొఫైల్ తెరిచి, క్యూ ట్యాబ్‌లో పేరెంట్ క్యూగా ఈ మొత్తాన్ని ఎంచుకోండి. ఇకనుంచి లాగిన్ అయ్యే ప్రతి కస్టమర్ క్యూ దాని కింద పిల్లగా పుడుతుంది. అప్పటికే ఆన్‌లో ఉన్న సెషన్లు ఒకసారి తెగి మళ్లీ కలిస్తేనే మారతాయి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. అన్నీ సరిగ్గా పెట్టినా పేరెంట్ లిమిట్ పనిచేయడం లేదని చాలామంది తలపట్టుకునేది దీని దగ్గరే. మైక్రోటిక్ వాడే హెచ్‌టీబీ పద్ధతిలో ప్రతి క్యూకి రెండు అంకెలుంటాయి. మ్యాక్స్ లిమిట్ అంటే గరిష్ఠం. లిమిట్ యట్ అంటే ఏం జరిగినా ఇస్తామన్న హామీ. పేరెంట్ నిండిపోయినా హామీ మేరకు పిల్లలకు ఇచ్చి తీరుతుంది, అవసరమైతే పేరెంట్ గీత కూడా దాటుతుంది. రేడియస్ (లాగిన్లు, ప్లాన్లు చూసే బిల్లింగ్ సర్వర్) నుంచి మైక్రోటిక్ రేట్ లిమిట్ పంపేటప్పుడు కనీస స్పీడు రాయకపోతే, రూటర్ గరిష్ఠాన్నే హామీగా తీసుకుంటుంది. 400 మందికి 50 చొప్పున అంటే 20 జీబీపీఎస్ హామీ. ఉన్నది 940. ఇక పేరెంట్ ఉన్నా లేనట్టే, క్యూ మళ్లీ అప్‌స్ట్రీమ్ వాళ్ల దగ్గరికి పోతుంది.

మందు చిన్నదే. రేడియస్‌లో ఆ వరుసను పూర్తిగా రాయండి:

25ఎం/50ఎం 0/0 0/0 0/0 8 1ఎం/2ఎం

మొదటి జత ప్లాన్ స్పీడు. తర్వాతి మూడు జతలు బర్స్ట్‌కు, అంటే కొద్ది సెకన్లు ప్లాన్‌కు మించి ఇచ్చే స్పీడుకు, సంబంధించినవి, వద్దు కాబట్టి సున్నాలు. 8 ప్రయారిటీ. చివరి జత హామీ. 400 మందికి 2 చొప్పున 800, పేరెంట్ 940 లోపు కాబట్టి లెక్క నిలుస్తుంది. పిల్లల హామీల మొత్తం పేరెంట్ మ్యాక్స్ లిమిట్ దాటకూడదు, ఈ ఒక్క లెక్కను కనెక్షన్లు పెరిగినప్పుడల్లా మళ్లీ వేసుకోవాలి. 470 దాటితే 2 హామీ ఇవ్వలేరు, అప్పటికి పైపు పెంచి ఉండాలి. 2023 జనవరి నుంచి బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీస డౌన్‌లోడ్ స్పీడు 2 ఎంబీపీఎస్ అని కేంద్రం నిర్ణయించింది కూడా.

ఇంకొకటి, పై వరుసలో ముందు రాసేది అప్‌లోడ్. రూటర్ వైపు నుంచి చూస్తే కస్టమర్ పంపేదే తనకు వచ్చేది. తిరగేసి రాస్తే 50 ప్లాన్ కస్టమర్‌కు 25 డౌన్‌లోడ్ వస్తుంది. ప్లాన్లో రెండు వైపులా ఒకే స్పీడున్నంత కాలం ఈ తప్పు బయటపడదు, వేరువేరు స్పీడుల ప్లాన్ పెట్టిన రోజు బయటపడుతుంది.

ఫాస్ట్‌ట్రాక్ (ప్యాకెట్లను అడ్డదారిలో త్వరగా దాటించే) రూలు ఉందేమో ఫైర్‌వాల్ ఫిల్టర్‌లో చూసి తీసేయండి. దాని గుండా పోయే ట్రాఫిక్ సింపుల్ క్యూలకు అసలు తగలదు. క్యూ కౌంటర్లు కదలకుండా ఉండి కస్టమర్‌కు ప్లాన్‌కు మించిన స్పీడు వస్తుంటే మొదట అనుమానించాల్సింది దాన్నే. తీసేశాక సీపీయూ వాడకం పెరుగుతుంది. మొత్తం సీపీయూ అంకె చూసి సంతోషపడకండి, టూల్స్‌లో ప్రొఫైల్ తెరిచి కోర్లవారీగా చూడండి. ఒకే పేరెంట్ కింద అందరినీ పెడితే ఆ భారం ఎక్కువగా ఒక కోర్ మీద పడుతుంది. 4 కోర్ల సీసీఆర్ 2004లో మొత్తం 30 శాతం కనిపిస్తూ ఒక కోర్ మాత్రం 100 కొడుతుంటే స్పీడు పడిపోయేది అక్కడే. అప్పుడు ఓఎల్‌టీకి ఒకటి చొప్పున పేరెంట్లను విడదీయండి, ఒక్కోదానికి దాని కింది కనెక్షన్ల దామాషాలో వాటా ఇవ్వండి.

రెండు పైపులున్నవాళ్లు

గూగుల్, మెటా లాంటి వాళ్ల క్యాష్ ట్రాఫిక్‌ను (దగ్గర్లోనే దాచి ఉంచిన వాళ్ల డేటాను) అప్‌స్ట్రీమ్ వేరే వీలాన్‌లో (ఒకే కేబుల్‌లో విడదీసిన లైనులో), వేరే రేటుకు ఇచ్చే చోట్ల పై పద్ధతి సరిపోదు. ఇంటర్నెట్ 600, క్యాష్ 400 అనుకోండి. రెండూ కలిపి 1000 అని పేరెంట్ పెడితే, ఇంటర్నెట్ పైపు 600 దగ్గర పగిలిపోతున్నా పేరెంట్‌కు ఖాళీ కనిపిస్తూనే ఉంటుంది.

ఇక్కడ మ్యాంగిల్‌లో, ఫార్వర్డ్ చైన్‌లో, ఏ వీలాన్ నుంచి వచ్చిందో చూసి ప్యాకెట్లకు రెండు మార్కులు వేయండి. క్యూ ట్రీలో గ్లోబల్ కింద రెండు క్యూలు: ఇంటర్నెట్‌కు 565, క్యాష్‌కు 375. రెండిటికీ క్యూ టైపుగా పీసీక్యూ, రేటు 0, క్లాసిఫయర్ డెస్టినేషన్ అడ్రస్. అప్‌లోడ్ క్యూలకైతే సోర్స్ అడ్రస్. పీసీక్యూ ఒక్కో కస్టమర్ ఐపీకి ఒక్కో చిన్న వరుస కట్టి, అందరికీ సమానంగా వంతు ఇస్తుంది. ఒకడు వంద డౌన్‌లోడ్లు పెట్టినా, ఇంకొకామె ఒకే వీడియో చూస్తున్నా ఇద్దరికీ ఒక్కో వంతే. ప్లాన్ గరిష్ఠాలు మాత్రం పేరెంట్ లేకుండా పీపీపీఓఈ సింపుల్ క్యూల్లోనే ఉండనివ్వండి.

పీసీక్యూ డీఫాల్ట్ అంకెలు చిన్న ఆఫీసు కోసం పెట్టినవి. ఒక్కో వరుసకు 50 కిబీబైట్లు, మొత్తానికి 2000. అంటే 40 మందికే పూర్తి జాగా. 400 మందికి మొత్తం లిమిట్ 20,000 చేయాలి. దీన్ని మార్చకపోతే పైపు నిండకముందే ప్యాకెట్లు పడిపోతాయి, గ్రాఫ్ 400 దగ్గరే చదునుగా ఆగిపోయిందేమిటా అని అప్‌స్ట్రీమ్ వాళ్లతో వాదులాట మొదలవుతుంది. 20 ఎంబీ ర్యామ్ రూటర్‌కు లెక్కలోది కాదు, మొహమాటం లేకుండా పెంచండి.

క్యూ ఎంత పొడవుండాలి

ఒక ప్యాకెట్ 1500 బైట్లు, అంటే 12,000 బిట్లు. 50 ప్యాకెట్ల క్యూ నిండితే 6 లక్షల బిట్లు. 50 ఎంబీపీఎస్ ప్లాన్‌లో అవి 12 మిల్లీసెకన్లలో ఖాళీ అవుతాయి, ఎవరికీ తెలియదు. 2 ఎంబీపీఎస్‌కు తగ్గించిన కస్టమర్‌కు అవే 50 ప్యాకెట్లు 300 మిల్లీసెకన్లు పడతాయి. ఫోన్ మాట్లాడుతుంటే ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడిపోతారు. ఒకే పొడవు అన్ని ప్లాన్లకూ పెట్టకూడదనేది అందుకే.

మరీ పొట్టి క్యూ కూడా చేటే. సింపుల్ క్యూలకు డీఫాల్ట్‌గా వచ్చే డీఫాల్ట్ స్మాల్ అనే టైపులో 10 ప్యాకెట్లకే చోటు. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో 30 మిల్లీసెకన్ల దూరంలోని సర్వర్ నుంచి ఒకే ఫైలు పూర్తి స్పీడులో రావాలంటే దారిలో 250 ప్యాకెట్లు ఉండాలి. అవి గుంపుగా వచ్చిపడితే 10 ప్యాకెట్ల క్యూ పట్టుకోలేదు. దాంతో టీసీపీ (డేటా పంపే స్పీడును సర్దే పద్ధతి) భయపడి వెనక్కి తగ్గుతుంది. స్పీడ్ టెస్ట్ ఒకేసారి చాలా కనెక్షన్లు తెరుస్తుంది కాబట్టి 95 చూపిస్తుంది, ఒక్క ఫైలు డౌన్‌లోడ్ మాత్రం 30 దగ్గర కొట్టుకుంటుంది. కస్టమర్ చెప్పేదీ నిజమే, మీ టెస్టూ నిజమే.

ఈ రెండు బాధలకూ మంచి విరుగుడు ఎఫ్‌క్యూ కోడెల్. క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ 2012లో కోడెల్‌ను ప్రకటించారు, దాని మీద కట్టిన ఎఫ్‌క్యూ కోడెల్ 2018లో ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరుసలో ఆర్‌ఎఫ్‌సీ 8290గా వచ్చింది. ప్యాకెట్లు ఎన్ని ఉన్నాయని కాక, ఒక్కోటీ ఎంతసేపు నిలబడిందని చూస్తుంది. 5 మిల్లీసెకన్లకు మించిన నిలుపుదల 100 మిల్లీసెకన్లపాటు తగ్గకుండా ఉంటే పడేయడం మొదలుపెడుతుంది. పైగా ఒకే ఇంట్లోని డౌన్‌లోడ్‌నూ, వీడియో కాల్‌నూ వేరువేరు వరుసల్లో పెడుతుంది. మైక్రోటిక్ సాఫ్ట్‌వేర్ రూటర్‌ఓఎస్ 7లో ఇది క్యూ టైపుల్లో ఉంది. కొత్త టైపు ఒకటి చేసి, టార్గెట్ 5, ఇంటర్వల్ 100 అలాగే వదిలి, పీపీపీ ప్రొఫైల్ క్యూ టైపులో పెట్టండి. కేక్ అనే ఇంకో క్యూ టైపు ఇంకా మెరుగ్గా పంచుతుంది గానీ సీపీయూ ఎక్కువ తింటుంది. వెయ్యి కనెక్షన్లు దాటినవాళ్లు విడిగా ఒక లినక్స్ సర్వర్‌ను బ్రిడ్జిగా పెట్టి, ఉచితంగా దొరికే పంపకం సాఫ్ట్‌వేర్ లిబ్రెక్యూఓఎస్ నడపడం గురించి ఆలోచించవచ్చు.

ఎఫ్‌క్యూ కోడెల్ పెట్టిన రాత్రి అదే ఇంటికి వెళ్లి మొదటి కొలత మళ్లీ తీయండి. స్పీడ్ టెస్ట్ నడుస్తుండగా గేట్‌వే పింగ్ 150 నుంచి 10, 15కి దిగాలి. దిగకపోతే ప్రొఫైల్ మార్పు ఆ సెషన్‌కు అందలేదు, లేదా లిమిట్ మీ రూటర్‌లో కాక ఓఎల్‌టీలో పడుతోంది.

బర్స్ట్

50 ప్లాన్, బర్స్ట్ 100, త్రెషోల్డ్ (సగటు వాడకం దీన్ని దాటితే బర్స్ట్ ఆగే అంకె) 40, సమయం (ఆ సగటు చూసే వ్యవధి) 16 సెకన్లు పెడితే కస్టమర్‌కు 100 స్పీడు 16 సెకన్లు వస్తుందనుకుంటారు. రాదు. త్రెషోల్డ్‌ను సమయంతో గుణించి బర్స్ట్‌తో భాగించాలి: 40 ఇంటూ 16 బై 100, అంటే 6.4 సెకన్లు. త్రెషోల్డ్‌ను ప్లాన్ స్పీడు కంటే ఎక్కువ పెడితే బర్స్ట్ ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగి, గ్రాఫ్ రంపం పళ్లలా తయారవుతుంది. పైపులో పగలంతా ఖాళీ ఉన్న ఆపరేటర్‌కు బర్స్ట్ బాగుంటుంది, పేజీలు చురుగ్గా తెరుచుకుంటాయి. రాత్రి 80 శాతం దాటుతున్న ఆపరేటర్ దాని జోలికి పోకూడదు. స్పీడ్ టెస్ట్‌లో పెద్ద అంకె చూపించడం కోసమే బర్స్ట్ పెట్టడం కస్టమర్‌ను మోసం చేయడమే.

అప్‌లోడ్‌ను మరిచిపోతే

అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర ఈ సంగతి ఎక్కువగా తగులుతుంది. గుంటకు నాలుగు, షెడ్డుకు రెండు, జనరేటర్ దగ్గర ఒకటి చొప్పున కెమెరాలు పెడతారు. 2 మెగాపిక్సెల్ కెమెరా వీడియోను కుదించే హెచ్.264 పద్ధతిలో సుమారు 4 ఎంబీపీఎస్, హెచ్.265లో 2 పంపుతుంది. ఎన్‌వీఆర్‌లో (కెమెరాల రికార్డింగ్ పెట్టెలో) అక్కడే రికార్డయినంతవరకూ మీ లైనుకు భారం లేదు. యజమాని నెల్లూరులో కూర్చుని ఫోన్లో ఏడు కెమెరాలూ తెరిచినప్పుడు, లేదా క్లౌడ్ రికార్డింగ్ పెట్టినప్పుడు 14 నుంచి 28 ఎంబీపీఎస్ ఆగకుండా పైకి పోతుంది.

అప్‌లోడ్ నిండితే డౌన్‌లోడ్ కూడా పడిపోతుంది. వచ్చిన ప్రతి రెండు ప్యాకెట్లకూ ముట్టిందని ఒక చిన్న ప్యాకెట్ వెనక్కి పోవాలి. డౌన్‌లోడ్‌లో సుమారు 2 శాతం అప్‌లోడ్ దానికే కావాలి. అవి కెమెరా ప్యాకెట్ల వెనక నిలబడితే అటువైపు సర్వర్ పంపడం తగ్గించేస్తుంది. "డౌన్‌లోడ్ స్లో" అని ఫిర్యాదు వస్తే అప్‌లోడ్ గ్రాఫ్ కూడా చూడమనేది ఇందుకే.

కెమెరా యాప్‌లో ఫోన్‌లో చూడ్డానికి సబ్‌స్ట్రీమ్ ఎంచుకోమని చెప్పండి, 640 బై 360, 512 కేబీపీఎస్ చాలు. రొయ్యల ఎయిరేటర్ తిరుగుతోందో లేదో దాంట్లో స్పష్టంగా కనిపిస్తుంది. ఓఎల్‌టీలో ఆ ఓఎన్‌యూకి అప్‌లోడ్ గరిష్ఠాన్ని ప్లాన్ కంటే 20 శాతం ఎక్కువగా కట్టండి. రూటర్ లిమిట్ పనిచేసేసరికి ట్రాఫిక్ అప్పటికే పాన్ దాటి వచ్చేసి ఉంటుంది కాబట్టి, ఈపాన్ రకం ఫైబర్ లైనులో 64 మంది పంచుకునే 1 జీబీపీఎస్‌ను కాపాడేది ఓఎల్‌టీయే. డౌన్‌లోడ్ లిమిట్ మాత్రం ఓఎల్‌టీలో పెట్టకండి. చాలా ఓఎల్‌టీలు క్యూ కట్టకుండా కోసి పడేస్తాయి, మీరు కష్టపడి పెట్టిన ఎఫ్‌క్యూ కోడెల్‌కు అప్పుడు పనే ఉండదు.

ఎఫ్‌యూపీ చేసేదీ చేయనిదీ

నెలకు 3300 జీబీ తర్వాత స్పీడు తగ్గించే పద్ధతి, అంటే ఎఫ్‌యూపీ, చాలాచోట్ల ఉంది. దాన్ని 30 రోజులకు పంచి చూడండి: రాత్రీ పగలూ ఆగకుండా 10 ఎంబీపీఎస్ వాడితేనే అంత అవుతుంది. తెల్లవారుజామున 3 గంటలకు టెరాబైట్ దించుకున్నవాడి వల్ల ఎవరికీ నష్టం లేదు, ఆ వేళ మీ పైపు ఖాళీ. రాత్రి 9కి మాత్రమే వాడేవాడు నెలంతా కలిపి 200 జీబీ దాటడు, కానీ రద్దీ అతనితోనే. కాబట్టి నెల కోటాతో రాత్రి రద్దీ తగ్గదు, ఆ పని వంతులది. ఎఫ్‌యూపీ ఉపయోగం ఒక్కటే, ఇంటి కనెక్షన్ తీసుకుని వీధంతా అమ్ముకునేవాళ్లను పట్టుకోవడం. తగ్గించినా 2 ఎంబీపీఎస్ కిందికి పోకండి.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెండు విషయాలు సరిచూసుకోండి. రేడియస్ అకౌంటింగ్‌లో బైట్ల కౌంటర్ 32 బిట్లది, 4 జీబీ దాటగానే సున్నాకి తిరిగిపోతుంది. ఎన్నిసార్లు తిరిగిందో గిగావర్డ్స్ అనే వేరే అంకెలో వస్తుంది. దాన్ని కలపని సాఫ్ట్‌వేర్‌లో 5 జీబీ వాడినవాడు 1 జీబీ వాడినట్టు కనిపిస్తాడు. రెండోది, కోటా దాటగానే స్పీడు మారాలంటే రూటర్‌లో రేడియస్ ఇన్‌కమింగ్ ఆన్‌లో ఉండి, 3799 పోర్టు బిల్లింగ్ సర్వర్‌కు మాత్రమే తెరిచి ఉండాలి. లేకపోతే కస్టమర్ ఓఎన్‌యూ ఆపి వేసేదాకా పాత స్పీడే నడుస్తుంది, రీఛార్జి చేసినవాడికి తగ్గిన స్పీడే ఉండిపోతుంది. ఈ రెండోదానికే తిట్లు ఎక్కువ.

యాప్ చూసి కోయకండి

యూట్యూబ్‌కు ఇంత, టొరెంట్‌కు ఇంత అని పంచే పాత అలవాటు మానేయండి. 2018 జులైలో కేంద్రం ఆమోదించిన నెట్ న్యూట్రాలిటీ సూత్రాల ప్రకారం కంటెంట్‌ను బట్టి ఆపడం, నెమ్మది చేయడం, ఒకదానికి పెద్దపీట వేయడం కుదరదు. సమంజసమైన ట్రాఫిక్ నిర్వహణకు మాత్రం వీలుంది, అందరికీ సమానంగా వంతులు వేయడం అందులోదే. నిబంధనలు పక్కన పెట్టినా యాప్ చూసి కోసే పద్ధతి పనిచేయదు. ఇప్పటి వీడియోలో చాలావరకు క్విక్ ప్రోటోకాల్‌తో యూడీపీ 443 మీద గుప్తంగా పోతుంది, వీడియో కాల్ ఏదో సినిమా ఏదో రూటర్‌కు తెలియదు. సినిమాను నొక్కబోయి డాక్టర్ వీడియో కన్సల్టేషన్‌ను నొక్కుతారు.

బ్యాండ్‌విడ్త్‌తో సంబంధం లేని స్లో

150 ప్లాన్ కస్టమర్‌కు 94 దగ్గర ఆగిపోతే ఆ ఓఎన్‌యూ ల్యాన్ పోర్టు ఫాస్ట్ ఈథర్‌నెట్‌ది, క్యూతో పనిలేదు. 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే ఉన్న ఓఎన్‌యూలో వైఫై మీద సాధారణంగా 100 రాదు, ప్లాన్ అమ్మేటప్పుడే ఆ మాట చెప్పాలి. లైట్ పవర్ మైనస్ 25 డీబీఎం దాటి కిందికి పోతుంటే ముందు కనెక్టర్ తుడిచి, వంగిన చోట్లు చూడండి. ఒక ఫైబర్‌ను ఎనిమిదిగా చీల్చే 1:8 స్ప్లిటర్‌కే 10.5 డీబీ పోతుంది, మధ్యలో ఇంకో స్ప్లిటర్ తగిలించారేమో వెతకండి.

పేజీ సగం తెరుచుకుని ఆగడం, గేమ్ లాగిన్ కాకపోవడం, స్పీడ్ టెస్ట్ మాత్రం బాగుండడం కనిపిస్తే సీజీనాట్ (ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచే పద్ధతి) పోర్టులు అయిపోయి ఉంటాయి. ఒక పబ్లిక్ ఐపీలో వాడుకోగలిగిన 64,512 పోర్టులను 32 మందికి పంచితే తలా 2016. ఒక ఐపీకి 100 మందిని పెడితే 645కి దిగుతుంది, స్మార్ట్ టీవీ, నాలుగు ఫోన్లు, కెమెరాలు ఉన్న ఇంటికి అది చాలదు. అప్‌స్ట్రీమ్ నుంచి ఐపీవీ6 (కొత్త తరం ఐపీ అడ్రసులు) తీసుకుని కస్టమర్లకు ఇస్తే ఈ ఒత్తిడి చాలావరకు తగ్గుతుంది. కొన్ని సైట్లు మాత్రమే తెరుచుకోకపోతే పీపీపీఓఈ ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1492, ప్రొఫైల్‌లో చేంజ్ టీసీపీ ఎంఎస్ఎస్ అవును అని ఉన్నాయా చూడండి.

మార్చే పద్ధతి

ఏ మార్పయినా మధ్యాహ్నం 2 గంటలకు, ఒక్క పాన్ పోర్టు కస్టమర్ల మీద మొదలుపెట్టండి. ముందు బ్యాకప్ తీసి ల్యాప్‌టాప్‌లోకి దించుకోండి. విన్‌బాక్స్‌లో సేఫ్ మోడ్ నొక్కాకే పని, మీ కనెక్షన్ మీరే తెంచుకున్నా మార్పులు వెనక్కి పోతాయి. మార్చిన అంకె, తేదీ, ఎందుకు మార్చారో ఒక పుస్తకంలో రాయండి. రెండు రాత్రుల పింగ్ చూశాకే తర్వాతి పాన్.

సంక్రాంతికి లెక్క మారుతుంది. హైదరాబాద్, బెంగళూరు నుంచి పిల్లలంతా ఇళ్లకు వస్తారు, ఒక్కో కనెక్షన్ మీద నాలుగు ఫోన్లుండే చోట పది ఉంటాయి. తాత్కాలిక అప్‌గ్రేడ్ అడగాలంటే డిసెంబరు మొదటి వారంలోనే అప్‌స్ట్రీమ్ వాళ్లకు మెయిల్ పెట్టండి. 1 జీబీపీఎస్ దాటితే జీబీ పోర్టు చాలదు, 10 జీబీ ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ మాడ్యూళ్లు రెండు వైపులా ముందే పెట్టి పరీక్షించాలి. 1.5 జీబీపీఎస్ వచ్చిన రోజు పేరెంట్ క్యూని 940 నుంచి 1400కి మార్చండి. దీన్ని మరిచిపోతే పండగంతా కొన్న బ్యాండ్‌విడ్త్ వాడకుండానే అద్దె కడతారు. పండగయ్యాక వరుస తిరగబడాలి: అప్‌స్ట్రీమ్ వాళ్లు తగ్గించే తేదీకి ఒక రోజు ముందే మీ పేరెంట్‌ను 940కి దించండి. ఒక్క రోజు ఆలస్యమైనా క్యూ మీ రూటర్ వదిలి వాళ్ల పరికరంలోకి పోతుంది, ఆ రాత్రి తొమ్మిదింటికి మళ్లీ ఫోన్లు మొదలవుతాయి.